తొందరమ్మ గొంతు

జనవరి 9

పళ్ళ డాక్టరుగారు మళ్ళీ ఫోన్ చేశారు. మా బృందగానానికి ఆవిడ ప్రెసిడెంటు, పాటలు కట్టి నేర్పేది నేను, బడిలో సంగీతం టీచర్ని. ఏప్రిల్ చివరి ఆదివారం మధ్యాహ్నానికి హాలు ఖాయం చేసేశారట.

"ప్రతి ఏడూ కొత్త పాట మీదే కదండీ. ఈసారి వద్దనుకుంటే పాతవే పాడేద్దాం. ఎవరూ ఏమీ అనుకోరు."

ఎవరూ ఏమీ అనుకోరట! పన్ను పీకేముందు పేషెంట్లతో మాట్లాడే గొంతు అది. ఒళ్ళు మండిపోయింది. "పాతవెందుకు, కొత్తదే కడతాను" అని ఫోన్ పెట్టేశాను.

పెట్టేశాక అరగంటసేపు అక్కడే కూర్చున్నాను. ఎందుకన్నానో ఆ మాట.

జనవరి 11

ఈ నోటుపుస్తకం మా అమ్మాయి నాలుగో తరగతికి కొన్నది. మొత్తం పదకొండు పుస్తకాలు. అన్నిటికీ ఆయనే అట్టలు వేశారు, ఒక్క అంచు కూడా వంకర పోకుండా. లేబుల్ మీద మాత్రం ఏమీ లేదు. తన పేరు తనే రాసుకుంటానంది. బడి తెరవడానికి ఇంకా నెలుంది, ఇప్పుడే ఏం తొందర అన్నాను. బడి తెరిచేనాటికి అది లేదు.

ఊరికే పడి ఉంటే చెదలు పడతాయని తీశాను, అంతే. పాట పని రాసుకోవడానికి.

పాట ఉదయం గురించి. దాని గురించి కాదు. ఎవరింట్లోనైనా ఉండే ఉదయం గురించి.

జనవరి 20

పాటకు మాటలు దొరికాయి. కవిత్వం గట్రా ఏమీ లేదు. రోజూ పొద్దున్నే నేను అరిచే అరుపులే.

లే. లేవమంటున్నానా. పళ్ళు తోముకో. పాలు తాగు, మీగడ తీసేశాను. జడ వేయనీ, కదలకు. రెండో మేజోడు ఏదీ? నీళ్ళ సీసా. తలుపు వెయ్యి. మెల్లిగా వెయ్యి.

పై గొంతు ఆడవాళ్ళకు "లే" ఇచ్చాను. కింది గొంతు ఆడవాళ్ళకు పాలు. మగవాళ్ళలో పై గొంతువాళ్ళు జడ, కింది గొంతువాళ్ళు మేజోడు. ఒకళ్ళ మాట అయ్యేలోపు ఇంకొకళ్ళు అందుకుంటారు. నలుగురు తల్లులు కలిసి ఒక్క పిల్లని బడికి తరుముతున్నట్టుంది. బల్లమీద తాళం వేసుకుంటూ నాలుగూ నేనే పాడుకుని చూశాను. నవ్వొచ్చింది. చాలా రోజులకు నవ్వాను.

తర్వాత రెండో మేజోడు గుర్తొచ్చింది. అది నిజంగానే దొరికింది, ఆగస్టులో, బట్టల బీరువా వెనక. ఇంక ఇవాళ్టికి చాలు.

జనవరి 21

ఒక్క ముక్క కుదరలేదు.

ఫిబ్రవరి 2

అక్క ఫోన్. "మీ ఆయనతో కూర్చుని మాట్లాడవే. ఇద్దరూ చెరో గదిలో మూలగడం దేనికి?" అంది.

ఏం మాట్లాడను? ఆయన మరిచిపోయారు. మగవాళ్ళకు అదో వరం. ఆయన బస్సు డిపోలో టైమ్‌కీపరు. ఏ బస్సు ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి వెళ్ళింది, అదే జీవితం. ఆయన పాట కూడా టైమ్‌టేబుల్ ప్రకారమే వస్తుంది. పదకొండేళ్ళు మా బృందంలో కింది గొంతు పాడారు, ఒక్కసారంటే ఒక్కసారి తాళం తప్పలేదు. తొడమీద వేళ్ళతో లెక్కపెట్టుకుంటారు. పిల్ల పోయాక రావడం మానేశారు. ఎందుకని అడిగితే "షిఫ్టు కుదరడం లేదు" అన్నారు. ఒక్కరోజూ ఏడ్వగా చూడలేదు. దాని పేరు నోటివెంట రాలేదు. ముద్దుపేరు పెట్టింది మళ్ళీ ఆయనే. పుట్టడమే రెండు వారాలు ముందుగా పుట్టేసిందని తొందరమ్మ అని పిలిచేవారు.

ఆయన సైకిలుకు వెనకాల పిల్ల సీటు ఇంకా అలాగే ఉంది. చూడలేక చస్తున్నాను, తీసెయ్యండి బాబూ అంటే, "బోల్టు తుప్పు పట్టింది, రావడం లేదు" అంటారు. ఇంట్లో ఏ బోల్టైనా రెండు నిమిషాల్లో ఊడదీసే మనిషి. బద్ధకం, అంతే.

ఫిబ్రవరి 14

ముగింపు దొరికింది.

అరుపులన్నీ పెరిగి పెరిగి ఒక్కసారి ఆగిపోతాయి. నాలుగు దెబ్బల మౌనం. ఐదో దెబ్బమీద అందరూ కలిసి "వస్తున్నా" అని ఎత్తుకుంటారు. అది రోజూ గుమ్మం దగ్గర్నుంచి అరిచే మాట. "వస్తున్నా అంటున్నా కదమ్మా!"

కానీ అందరికన్నా ముందు, నాలుగో దెబ్బమీదే, ఒక్క గొంతు వచ్చేస్తుంది. ఒక్కటే, ఒక దెబ్బ ముందు. దానికోసం కాగితంలో పైన విడిగా ఇంకో వరుస గీశాను. ఆ వరుస ఎవరిదో రాయలేదు.

పాట ఉదయం గురించి.

ఫిబ్రవరి 20

బల్లమీద పాట కాగితాల మీద టీ మరక. నేను టీ మానేసి తొమ్మిది నెలలైంది. ఈయనకు ఏ వస్తువు ఎక్కడ పెట్టాలో ఎప్పటికి తెలుస్తుందో! కప్పు పెట్టడానికి నా కాగితాలే దొరికాయా?

మార్చి 1

కాగితాలు ఎర్రసిరా మాస్టారికి ఇచ్చాను. ముప్ఫై రెండు కాపీలు కావాలి. ఆయన ముప్ఫై ఏళ్ళు ప్రెస్సులో తప్పులు దిద్దే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. చేతిరాత అచ్చుకన్నా బాగుంటుంది. పెళ్ళి శుభలేఖ ఇచ్చినా అందులో తప్పు కనపడితే ఎర్రసిరాతో దిద్ది మరీ భద్రపరుచుకుంటారు.

ఇంకో వింత. రాత్రి అన్నం దగ్గర మా ఆయన తల ఎత్తకుండా, "కింది గొంతులో మనుషులు తక్కువయ్యారటగా. నేను రానా?" అన్నారు.

"షిఫ్టు కుదరదేమో" అన్నాను, కావాలనే.

"మార్పించుకున్నాను."

పది నెలలు కుదరని షిఫ్టు ఇప్పుడు కుదిరింది! "మీ ఇష్టం" అన్నాను.

మార్చి 8

మాస్టారు కాపీలు మా బడికే తెచ్చి ఇచ్చారు. ముత్యాల్లాంటి అక్షరాలు. ముగింపు పేజీ తిప్పాను. నా పైవరుస లేదు. ముప్ఫై రెండింట్లోనూ లేదు. అందరూ కలిసి ఐదో దెబ్బమీదే "వస్తున్నా".

"మాస్టారూ, ఇక్కడ ఇంకో వరుస ఉండాలి కదా?"

ఆయన మొహం వెలిగిపోయింది. "పట్టుకున్నాను చూశారా! అందరూ ఐదుమీద వస్తుంటే ఒక్క గొంతు నాలుగుమీద వచ్చేస్తోంది. ఎవరిదో కూడా రాయలేదు. పొరపాటున పడిందని నాకు తెలిసిపోయింది. మీరున్న పరిస్థితిలో ఎవరికైనా చెయ్యి తప్పుతుందమ్మా. అందుకే మీకు శ్రమ లేకుండా నేనే సరిచేసేశాను."

ఎంత సంతోషంగా చెప్పారో! ఆయన్ని ఏమైనా అంటానేమోనని నాకే భయమేసింది. "సరే" అని కాపీలు సంచిలో పెట్టుకుని బయటికొచ్చి, బడి వెనక సైకిళ్ళ షెడ్డులో నిలబడి ఏడ్చాను. వెక్కి వెక్కి ఏడ్చాను. వాచ్‌మన్ చూసి పక్కకి తప్పుకున్నాడు.

మార్చి 9

ఇక్కడ కాకపోతే ఇంకెక్కడా రాయలేను. రాసేస్తాను.

పోయిన ఏడు కచేరీలో చివరి పాటకు ముందువరసలో ఎనిమిదిమంది పిల్లలున్నారు. పెద్దవాళ్ళు ఆపగానే నాలుగు దెబ్బలు మౌనం, ఐదోదానిమీద పిల్లలు ఎత్తుకోవాలి. ఏడుగురు ఐదుమీద ఎత్తుకునేవారు. మా పిల్ల నాలుగుమీద ఎత్తుకునేది, ప్రతిసారీ. ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

"లెక్కపెట్టుకోవే, నీకేం పోయేకాలం!"

"పెట్టానమ్మా. నాలుగు దాకా పెట్టేసరికి నోరు ఆగలేదు."

అందరూ పడీపడీ నవ్వారు. నేను నవ్వలేదు. ఊరందరి పిల్లలకూ తాళం నేర్పే టీచరు కూతురు తాళం తప్పితే నా పరువేం కావాలి?

కచేరీకి గంట ముందు తెర వెనక జడకు రిబ్బను బిగిస్తూ చెప్పాను. "ఇవాళ నువ్వు పాడకు. పెదవులు కదిపితే చాలు. ఎవరికీ తెలీదు."

"పాట మొత్తమా?" అంది.

"మొత్తం."

కదిపింది. నేను ఎదురుగా నిలబడి చెయ్యి ఊపుతుంటే కళ్ళు నా చెయ్యిమీదే పెట్టి, చిన్న చప్పుడు కూడా లేకుండా, చెప్పినట్టే కదిపింది. నోరు ఎంత పెద్దగా తెరిచిందో! ఐదుమీదే తెరిచింది. కచేరీ ఒక్క తప్పు లేకుండా అయ్యింది. పళ్ళ డాక్టరుగారు నన్ను కౌగిలించుకున్నారు. నేను చాలా సంతోషపడ్డాను. ఆరోజు నేను చాలా సంతోషపడ్డాను.

ఇరవై మూడో రోజున పోయింది. మూడు రోజుల జ్వరం. అది ఎవరి తప్పూ కాదని డాక్టర్లు చెప్పారు, నమ్ముతాను. ఇది మాత్రం నా తప్పు. దాని ఆఖరి కచేరీలో దాని గొంతు లేకుండా చేసింది నేనే. "ఇప్పుడు పాడవే తల్లీ, నీ ఇష్టమొచ్చినప్పుడు ఎత్తుకోవే" అందామంటే వినడానికి లేదు. అందుకే ఆ వరుస గీశాను. మాస్టారు దాన్ని కూడా దిద్దేశారు. నేను నా పిల్లని దిద్దినట్టే.

పాట ఉదయం గురించి కాదు.

మార్చి 10

కాపీలు మార్పించను. మార్పించాలంటే ఎందుకో చెప్పాలి. కింది గొంతు వరసలో ఆయన కూర్చుని ఉంటారు. ఆయనకు ఈ సంగతి తెలియదు, తెలియకూడదు. ప్రాణంకన్నా ఎక్కువగా చూసుకున్న పిల్లని నేను అలా నోరు మూయించానని తెలిస్తే ఆ మనిషి ఇంక నా మొహం చూడరు. ఇప్పుడు మిగిలింది ఆ ఒక్క మొహమే.

ఐదుమీదే పాడనీ.

మార్చి 29

రిహార్సలు బాగా జరుగుతోంది. మేజోడు దగ్గర మగవాళ్ళకు నవ్వు ఆగడం లేదు. పాలు దగ్గర పళ్ళ డాక్టరుగారు కళ్ళు తుడుచుకున్నారు. ఆవిడ కొడుకు చదువుకోవడానికి వేరే ఊరు వెళ్ళాడు. "వాడూ అంతేనండీ, మీగడ ఉంటే ముట్టడు" అన్నారు. ఆవిడ మీద కోపం కొంచెం తగ్గింది.

ఆయన వెనకవరసలో కూర్చుని తొడమీద వేళ్ళతో లెక్కపెట్టుకుంటున్నారు. కాపీ మీద పెన్సిలుతో ఏదో గీస్తారు. ఏమిటని అడిగితే "ఊపిరి తీసుకునే చోటు గుర్తు పెట్టుకుంటున్నాను" అన్నారు.

ముగింపులో ఆ నాలుగు దెబ్బల మౌనం వచ్చినప్పుడల్లా నాలుగో దెబ్బ దగ్గర చెవి రిక్కిస్తున్నాను. ఐదు వస్తుంది, ముప్ఫైమంది "వస్తున్నా" అంటారు. బాగుంటుంది. తప్పేమీ ఉండదు.

ఏప్రిల్ 11

అక్క ఫోన్. ఎత్తలేదు.

ఏప్రిల్ 26

రేపే. తెల్ల చీర ఇస్త్రీ చేశారాయన. నేను అడగలేదు.

ఏప్రిల్ 27

వరసగా రాస్తాను, లేకపోతే కలిసిపోతాయి.

హాలు నిండిపోయింది. మా పాట ఆఖరిది. మొదట్లో జనం నవ్వారు, నవ్వాలనే కట్టాను. జడ దగ్గరికొచ్చేసరికి నవ్వు తగ్గింది. "తలుపు వెయ్యి, మెల్లిగా వెయ్యి" దగ్గర చప్పుడే లేదు. నేను చెయ్యి దించాను. అందరూ ఆపారు.

ఒకటి. రెండు. మూడు.

నాలుగుమీద వెనకవరస నుంచి ఒక్క మగగొంతు "వస్తున్నా" అంది.

కింది గొంతు, బొంగురుగా, ఒక్కటే. పదకొండేళ్ళలో ఒక్కసారి తాళం తప్పని గొంతు. నేను ఐదో దెబ్బ వేయడం మరిచిపోయాను. చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. నేను వేయకపోయినా అందరూ వచ్చేశారు. ముప్ఫై గొంతులు ఆయన వెనకాలే వచ్చాయి.

తర్వాత చప్పట్లట. నాకు గుర్తులేదు. మెట్లమీద ఎర్రసిరా మాస్టారు పట్టుకున్నారు. పాపం, చెమటలు పట్టేశాయి. "చూశారా అమ్మా! అందరూ సరిగ్గా పాడారు, మీ ఆయనే తప్పారు! ఆయనేనా, అసలు ఆయనేనా!"

ఇంటికి నడిచే వచ్చాం. ఆయన సైకిలు నడిపిస్తున్నారు. ఎండ ఇంకా ఉంది.

"తాళం తప్పారు" అన్నాను.

"లేదు. నువ్వు రాసిందే పాడాను."

జేబులోంచి మడతపెట్టిన కాపీ తీసి ఇచ్చారు. ముగింపు పేజీలో, మాస్టారి చక్కటి అక్షరాల పైన, పెన్సిలుతో ఒక వరుస గీసి ఉంది. నా వరుసే. నాలుగో దెబ్బమీద "వస్తున్నా".

"నువ్వు బడికెళ్ళాక రోజూ నీ కాగితాలు చదివేవాణ్ణి. ఒకరోజు కప్పు ఒలికింది. తుడిచాను గానీ మరక పోలేదు."

"ఆ వరుస ఎందుకు గీశానో మీకు తెలీదు. తెలిస్తే..." అన్నాను. "నేను దాన్ని, పోయిన కచేరీలో..."

"పెదవులు కదపమన్నావు."

వంతెన మొదట్లో ఉన్నాం. అక్కడే ఆగిపోయాను.

"ఎవరు చెప్పారు?"

"అదే చెప్పింది. ఆరోజే. నువ్వు కుర్చీలు సర్దించి వస్తానని ఆగిపోయావుగా. సైకిలు మీద వస్తూ చెప్పింది."

"ఏడ్చిందా?"

లేదని చెప్పమని లోపల ఎంత బతిమాలుకున్నానో! టైమ్‌కీపరు కదా, లేనిది రాయడు.

"ఏడ్చింది. ఈ వంతెన దాకా."

రెయిలింగు పట్టుకుని కూర్చుండిపోయాను. జనం చూస్తున్నారు, చూడనీ. ఆయన సైకిలు స్టాండు వేసి నా పక్కనే కూర్చున్నారు. ఇస్త్రీ ప్యాంటుకు దుమ్ము అంటుకుంది.

"వంతెనమీద 'ముందు రావడం తప్పా నాన్నా' అని అడిగింది. మా డిపోలో ఆలస్యంగా వచ్చిన బస్సుకే ఎర్రగీత పెడతామమ్మా, ముందొచ్చిన దానికి ఏమీ పెట్టం అన్నాను. అంతే, వంతెన దాటీ దాటగానే ఎత్తుకుంది. పాట మొత్తం పాడింది, గొంతు చించుకుని. పెద్దవాళ్ళ వరుసలు కూడా అదే పాడింది. ఆ నాలుగు దెబ్బలూ నా వీపుమీద వేసింది."

"ఐదుమీద వచ్చిందా?"

"ఎక్కడ! నాలుగుమీదే."

నవ్వబోయారు. అప్పుడు మొదటిసారి చూశాను ఆయన ఏడ్వడం. మొహం దాచుకోవడం కూడా రాదు ఆ మనిషికి.

"ఏడాదిపాటు నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వే చెబుతావని చూశాను. నాకు ముందే తెలుసంటే తట్టుకోలేవనుకున్నాను."

"కోపం రాలేదా?"

"వచ్చింది. నీ చెయ్యి చూస్తూ పాడలేక రావడం మానేశాను. షిఫ్టు కాదు."

"ఇప్పుడు?"

కింద నీళ్ళలోకి చూశారు. "నీ కాగితాల్లో ఆ వరుస చూశాక తగ్గింది. పూర్తిగా పోలేదు. పోతుంది" అన్నారు. లేచి చెయ్యి అందించారు.

మరిచిపోయారని రాశాను ఈ పుస్తకంలో. ఫిబ్రవరిలో. కొట్టెయ్యను, ఉండనీ.

ఏప్రిల్ 28

పొద్దున్న ఎర్రసిరా మాస్టారు ఇంటికొచ్చారు. మా ఆయన ఏం చెప్పారో తెలీదు గానీ మాస్టారి కళ్ళు వాచి ఉన్నాయి. "కాపీలన్నీ ఇవ్వమ్మా, ఆ వరుస మళ్ళీ రాసిస్తాను" అన్నారు. నాకే సిగ్గేసింది. టీ పెట్టి ఇచ్చాను, నేనూ తాగాను. "ఆ వరుస మీద ఎవరి గొంతని రాయను?" అని అడిగారు. పిల్ల ముద్దుపేరు చెప్పాను. రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది, మొదటిసారి నోట్లోనే ఉండిపోయింది.

సాయంత్రం ఒక్కదాన్నే వంతెన దాకా వెళ్ళాను. అక్కడిదాకా ఏడ్చాను. దాటాక పాడదామనుకున్నాను. నాలుగు దెబ్బలు రెయిలింగు మీద వేశాను. గొంతు రాలేదు.

పెదవులు కదిపాను.